పుట్టగొడుగుల పాకలో తేమ: గోనె పట్టా నుంచి ఫాగర్ దాకా ఏది ఎవరికి?

"వదినా, రోజుకు ఆరుసార్లు నీళ్ళు కొడుతున్నాను. అయినా మొగ్గలు పసుపు రంగుకు తిరిగి మాడిపోతున్నాయి. ఫాగర్లు పెట్టించమంటావా?" అని ఫిబ్రవరి చివర్లో కనిగిరి నుంచి మా మరదలు ఫోను చేసింది. అంతకు మూడు నెలల ముందు, ఇక్కడ నెల్లూరు పక్కన కోవూరు దగ్గర మా పక్క ఊళ్ళో ఒక రైతు, నీటిని పొగమంచులా చిమ్మే ఈ ఫాగర్లు కొత్తగా బిగించుకున్నాడు. రెండో కాపుకే గొడుగుల మీద గోధుమ రంగు మచ్చలు పడి సరుకంతా పారబోశాడు. ఇద్దరూ వేసింది ముత్యపు చిప్ప పుట్టగొడుగులే. ఇద్దరూ నేర్చుకున్నది ఒకే మాట: పాకలో గాలి తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. ఒకరికి అది అందలేదు, ఇంకొకరికి మితిమీరింది.

అందుకే "ఏ యంత్రం కొనాలి?" అని ఎవరైనా అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ పాక సముద్రానికి ఎంత దూరం? మీ బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లని పొర ఎంత మందాన పేరుకుంటుంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండింటికీ జవాబు తెలియకుండా పెట్టిన డబ్బు చాలాసార్లు వృథా అవుతుంది.

అర లీటరు లెక్క

పుట్టగొడుగు బరువులో దాదాపు 90 శాతం నీరే. ఆ నీరు బెడ్డులోని, అంటే విత్తనం కలిపి కవర్లో నింపిన వరిగడ్డి నుంచి వస్తుంది, మనం పైన చల్లిన చుక్కల నుంచి కాదు. చుట్టూ గాలి పొడిగా ఉంటే గడ్డిలోని నీరు, మొగ్గలోని నీరు ఆవిరైపోతాయి. మనం తీర్చవలసింది గాలి దాహం.

ఆ దాహం ఎంతో చూడండి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. అందులో ఎంత భాగం నిజంగా ఉందో చెప్పేదే తేమ శాతం. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న పాకలో సుమారు 60 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. దాని తేమను 60 శాతం నుంచి 88కి తేవడానికి ఆవిరి కావలసిన నీరు అర లీటరు. బిందెలకు బిందెలు గుమ్మరిస్తున్నా తేమ నిలవడం లేదంటే, నీరు నేల మీద మడుగు కడుతోంది, లేదా తేమ పట్టిన గాలి సందుల్లోంచి వెళ్ళిపోతోంది.

అయితే గాలి మారకుండా ఆపేయడానికి వీల్లేదు. పుట్టగొడుగు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది పేరుకుంటే కాడలు పొడవుగా సాగి, గొడుగు నాణెమంత కూడా విప్పుకోదు. గంటకు నాలుగైదు సార్లు గాలి మారుతుందనుకుంటే, అంత పాకకు గంటకు రెండు రెండున్నర లీటర్ల నీరు ఆవిరి కావాలి. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, యంత్రం ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

ఇంకో సంగతి వేడిది. పొద్దున 26 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి, మధ్యాహ్నానికి 36 డిగ్రీలకు వేడెక్కితే, ఆవిరి చుక్క కూడా బయటికి పోకుండానే దాదాపు 50 శాతానికి దిగిపోతుంది, ఎందుకంటే వేడి గాలి ఇంకా ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. రేకుల కప్పు కింద ఫాగర్లు పెట్టి తేమ నిలవడం లేదని వాపోయేవాళ్ళు ముందు ఆ కప్పు సంగతి చూడాలి. తాటాకు కప్పుకున్నంత గుణం రేకుకు లేదు. రేకులే ఉంటే పైన జమ్ము గానీ కొబ్బరాకు గానీ పరిచి, షేడ్ నెట్ లాగండి. ఆ ఖర్చు ఫాగర్ కన్నా తక్కువ, ఫలితం ఎక్కువ.

కొలిచే సాధనం ముందు

చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల్లో వస్తుంది. కానీ అది చెప్పేది నిజమో కాదో చూసుకోకుండా నమ్మకండి. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్ళు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును గట్టిగా మూసుకునే డబ్బాలో పక్కపక్కన పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి మీటరు 75 చూపాలి. నా మీటరు 83 చూపింది. అంటే మీటరులో 85 చూసి నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లో పాకలో నిజంగా ఉన్నది 77. మొగ్గలు ఎందుకు ముడుచుకుంటున్నాయో తెలియక ఒక కాపంతా విత్తనాన్ని తప్పుపట్టాను.

తుంపర బాగా ఆడే పాకలో డిజిటల్ మీటర్లు కొన్నాళ్ళకు 99 దగ్గర ఆగిపోతాయి. నాకు అంతకన్నా నమ్మకమైనవి రెండు మామూలు థర్మామీటర్లు. ఒకదాని గుండుకు నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్ళ సీసాలో ముంచి ఉంచాలి. 30 డిగ్రీల దగ్గర పొడి దానికీ తడి దానికీ ఒక డిగ్రీ తేడా ఉంటే తేమ సుమారు 93 శాతం, రెండు డిగ్రీలైతే 86, నాలుగైతే 73. కరెంటు పోయినా పనిచేస్తుంది, పాడయ్యేది లేదు. గుమ్మం పక్కన కాకుండా బెడ్ల మధ్య, కింది వరుస ఎత్తులో ఒకసారి, పై వరుస ఎత్తులో ఒకసారి పెట్టి చూడండి. నా పాకలో పై వరుసకూ కింది వరుసకూ పది శాతం తేడా కనిపించింది.

కవరు తీసేయాలా, గాట్లు పెట్టాలా?

తేమను గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. నాకైతే అన్ని యంత్రాలకన్నా ముందు తేల్చుకోవలసినది ఇదే.

విత్తనం వేసిన బెడ్డు రెండు మూడు వారాలు చీకటి గదిలో ఉండి తెల్లగా అల్లుకుంటుంది. అన్నాళ్ళూ గడ్డి కవరు లోపలే ఉంటుంది కనుక గది తేమ మీద అంత పట్టింపు అక్కర్లేదు, బెడ్ల మీద నీళ్ళు చల్లే పని అసలే లేదు. తర్వాత కొందరు కవరును బ్లేడుతో చీల్చి పూర్తిగా తీసేస్తారు. కొందరు అంగుళమంత గాట్లు పెట్టి కవరును అలాగే ఉంచుతారు.

పూర్తిగా తీసేస్తే బెడ్డు అన్ని వైపులా ఒకేసారి మొగ్గ తొడుగుతుంది, కోత సులువు, గుత్తులు చూడముచ్చటగా వస్తాయి. కానీ బెడ్డు ఒళ్ళంతా గాలికి తెరుచుకుని ఉంటుంది. పడమటి మెట్టలో, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫిబ్రవరి గాలికి అలాంటి బెడ్డు మొదటి కాపు కోసేసరికే తేలికైపోతుంది. చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. గడ్డిలో నీరు లేకపోతే రెండో కాపు రాదు, మీరు పైన ఎంత చల్లినా సరే.

గాట్ల పద్ధతిలో గడ్డిలోని నీరు గడ్డిలోనే ఉంటుంది. మొగ్గ తొడిగే చోట మాత్రమే తేమ గాలి కావాలి. అందుకే పాక తేమ కొంత తగ్గినా పంట తట్టుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే, గడ్డి సరిగా ఆరకుండా కవర్లో నింపితే అడుగున నీరు చేరి కుళ్ళుతుంది. గుప్పెడు గడ్డి గట్టిగా పిండితే అరచెయ్యి తడవాలి, నీళ్ళు ధారగా కారకూడదు. అంత ఆరాకే నింపండి, అడుగున నాలుగు చిల్లులు తప్పకుండా పెట్టండి.

మెట్ట ప్రాంతం వాళ్ళకు నా సలహా గాట్లే. తీర ప్రాంతంలో కార్తీకం, మార్గశిరం నెలల్లో కవరు తీసేసినా ఇబ్బంది లేదు. మా మరదలు కవర్లు పూర్తిగా తీసేసింది, ఆరుసార్లు నీళ్ళు కొట్టవలసి రావడానికి సగం కారణం అదే.

చేతి స్ప్రేయర్, తడి గోనెలు, ఇసుక

యాభై అరవై బెడ్ల లోపు పెట్టుకునే ఇంటి పంటకు ఇవి చాలు. నేలంతా మూడు నాలుగు అంగుళాల మందాన పెన్నా ఇసుక పరిచి పొద్దున, సాయంత్రం తడిపితే, ఆ ఇసుక రోజంతా నెమ్మదిగా ఆవిరి వదులుతూనే ఉంటుంది. గచ్చు నేల మీద పోసిన నీరు మడుగు కట్టి పాచి పడుతుంది. ఇసుకకు ఆ బాధ లేదు. ఉప్పు నీటి కయ్యల పక్క నుంచి, రొయ్యల చెరువుల గట్ల మీద నుంచి మాత్రం ఇసుక తేవద్దు.

గోనె పట్టాలను చుట్టూ తడికలకు వేలాడదీసి, కింది కొస నీళ్ళ తొట్టిలో మునిగేలా పెడితే అవే నీటిని పైకి పీల్చుకుంటాయి. మనం లేకపోయినా మధ్యాహ్నం గడుస్తుంది. కానీ వారానికోసారి ఒక పట్టా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పులిసిన వాసన వస్తే ఆ రోజే వేడినీళ్ళలో మరిగించి ఎండలో ఆరేయండి. ఆకుపచ్చ బూజు ముందు గోనె మీదికి వచ్చి, అక్కడి నుంచి బెడ్లకు దాటుతుంది. తొట్టిలో నీళ్ళు కూడా మార్చకపోతే దోమలు, ఈగలు చేరతాయి.

స్ప్రేయర్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. పొలంలో పురుగుమందు కొట్టిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా పుట్టగొడుగుల పాకలోకి తేవద్దు. అడుగున మిగిలిన మందు నేరుగా తినే వస్తువు మీద పడుతుంది. దీనికంటూ వేరేది కొనుక్కోండి. నాజిల్ సన్నని తుంపరకు తిప్పి, గోడల మీద, నేల మీద, బెడ్ల మధ్య గాలిలో కొట్టండి. గుండుసూది తలంత మొగ్గల మీద నేరుగా కొట్టకండి. కోత కోసిన తర్వాత నీళ్ళు కొట్టాలి గానీ కోయబోయే ముందు కాదు. తడిసిన గొడుగులు బుట్టలో సాయంత్రానికే జిగురు పడతాయి.

ఫాగర్లు

వంద బెడ్లు దాటితే చేతి పని కష్టం. అప్పుడు ఫాగర్ సరైన మెట్టు. కానీ లెక్క చూడకుండా బిగించేవాళ్ళే ఎక్కువ. నాలుగు ముఖాల ఫాగర్ ఒక్కటి గంటకు 20 నుంచి 30 లీటర్ల నీరు వదులుతుంది. మన 20 అడుగుల పాకకు కావలసింది గంటకు రెండున్నర లీటర్లని ఇందాక చూశాం. అంటే ఒక్క ఫాగర్ గంటలో అయిదారు నిమిషాలు ఆడితే చాలు. ఆరు నిమిషాలకోసారి అర నిమిషం ఆడేలా టైమర్ పెట్టుకోవాలి. పక్క ఊరి రైతు అలాంటి పాకలోనే ఆరు ఫాగర్లు పెట్టి, పదేసి నిమిషాలు వదిలేశాడు. నేను వెళ్ళి చూసినప్పుడు గొడుగుల లోతట్టులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చేత్తో వంచితే జారాయి. నీరు అలా గంటల తరబడి నిలిచిన చోట సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరి గోధుమ మచ్చలు తెస్తుంది.

రెండో విషయం ఒత్తిడి. ఫాగర్‌కు చదరపు సెంటీమీటరుకు నాలుగు కేజీల ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చేది ఒక కేజీ మాత్రమే. విడిగా మోటారు లేకుండా ఫాగర్ బిగిస్తే తుంపర రాదు, చుక్కలు రాలతాయి, అవీ సరిగ్గా బెడ్ల మీదే. ఫాగర్లను బెడ్ల పైన కాకుండా నడవ మీద పెట్టండి. ఆగినప్పుడు కారకుండా చూసే వాల్వు ఉన్న రకమే తీసుకోండి.

మూడోది నీళ్ళు. మెట్ట ప్రాంతపు బోరు నీటిలో సున్నం ఎక్కువ. నెల తిరక్కుండా నాజిల్ చుట్టూ తెల్లని గార కట్టి చిమ్మడం మానేస్తుంది. ఫిల్టరు తప్పనిసరి. నాజిళ్ళు విప్పి ఒక రాత్రి వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ నానబెడితే గార వదులుతుంది, సూది పెట్టి పొడవకండి, కన్నం పెద్దదైపోతుంది. వాన నీరు పట్టుకునే వీలుంటే పాకకు దాన్ని మించినది లేదు.

మచ్చలు కనిపించడం మొదలైతే, పది లీటర్ల నీటికి మూడు నాలుగు గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడకట్టి ఆ నీటినే చల్లాలి. అంతకన్నా ముందు చేయవలసింది గాలి ఆడనివ్వడం. ప్రతి తడి తర్వాత గొడుగు పైపొర ఒకటి రెండు గంటల్లో ఆరాలి.

అల్ట్రాసోనిక్ యంత్రాలు, కూలర్లు, ఏసీలు

అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫైయర్ పొగలాంటి తుంపర ఇస్తుంది, గొడుగులు తడవవు. పంట నాణ్యత చూస్తే నాకు ఇదే ఇష్టం. అయితే ఇళ్ళలో వాడే చిన్న రకం గంటకు పావు లీటరు, అర లీటరు మధ్య ఇస్తుంది. మన పాకకు అవి అరడజనైనా కావాలి. పైగా బోరు నీళ్ళు పోస్తే అందులోని ఉప్పులన్నీ తెల్లని పొడిగా గొడుగుల మీద వాలతాయి. ఆర్ఓ నీరో వాన నీరో ఉండి, ఎనిమిదడుగుల గదిలో సాగు చేసేవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు దీన్ని చెప్పను.

ఏసీ పెడితే చల్లదనం వస్తుంది గానీ గాలిలోని తేమను అది నీరుగా మార్చి పైపు గుండా బయటికి పంపుతుంది. ఏసీ పెట్టిన గదికి తేమ యంత్రం కూడా పెట్టక తప్పదు. చిన్న రైతుకు ఆ దారి వద్దు.

కూలర్, అంటే తడి ప్యాడ్ గుండా గాలిని లాగే ఫ్యాను, తేమనూ కొత్త గాలినీ ఒకేసారి ఇస్తుంది. ఇది ఎవరికి అన్నది మాత్రం తీరమా మెట్టా అన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. మార్కాపురం వైపు ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్నప్పుడు తడి ప్యాడ్ ఆ గాలిని 27 డిగ్రీల దగ్గరికి దించగలదు. అదే నెల్లూరులో 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిని 29, 30 కన్నా కిందికి దించలేదు, ఎందుకంటే ఆ గాలి అప్పటికే చాలా ఆవిరి మోస్తోంది. కనుక కూలర్ మెట్టవాళ్ళది. తీరంలో దాని ఖర్చుకు తగ్గ చల్లదనం రాదు.

తీరం వేరు, మెట్ట వేరు

నెల్లూరు వైపు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ రోజుల్లో తేమ తెచ్చుకునే పని లేదు, ఉన్న తేమను కదిలించే పని ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ రోజుల తరబడి ముసురు, పైగా కరెంటు లేదు. నా పాకలో ఫ్యాను ఆగిపోయింది. కాడల మొదట్లో దూదిలాంటి తెల్లని నూగు పెరిగిందంటే తేమ నిండిపోయి గాలి ఆడడం లేదని అర్థం. పాక ఎదురెదురు గోడల్లో కింద ఒక వరుస, పైన ఒక వరుస దోమతెర బిగించిన కిటికీలు ఉంటే కరెంటు లేకపోయినా గాలి నడుస్తుంది. తీరంవాళ్ళు మొదటి డబ్బు ఈ కిటికీల మీద, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను మీద పెట్టాలి, ఫాగర్ మీద కాదు.

ఇంకొకటి, తూర్పు కిటికీలను మధ్యాహ్నం తర్వాత తెరవండి, సముద్రపు గాలి తేమతో వస్తుంది. పడమటి వైపు వడగాలి వీచే వేళ మూసి, తడిపిన వట్టివేళ్ళ తడిక గానీ గోనె గానీ కట్టండి. మెట్టవాళ్ళు దీనికి భిన్నంగా, తెల్లవారుజామునా రాత్రీ గాలి మార్చుకుని పగలంతా పాకను మూసి ఉంచుకోవాలి.

మే నెలలో ముత్యపు చిప్ప కోసం పోరాడటం మాత్రం నేను మానేశాను. దానికి 20 నుంచి 30 డిగ్రీలు కావాలి. హిమాచల్‌లోని సోలన్ లాంటి చల్లని చోట కుదిరే పద్ధతులు మన వేసవిలో కుదరవు. 30, 35 డిగ్రీలను ఇష్టపడే పాల పుట్టగొడుగులకు మారండి. వాటికీ 80 శాతానికి పైగా తేమ కావాలి గానీ, పాకను చల్లబరిచే భారం తగ్గుతుంది.

మా మరదలు ఫాగర్లు కొనలేదు. కొత్త బెడ్లకు కవర్లు తీయకుండా గాట్లు పెట్టింది, నేల మీద ఇసుక పోయించింది, రేకుల మీద కొబ్బరాకు పరిపించింది, పడమటి గోడకు ఒక పాత కూలరు బిగించి, అందులో పోయడానికి వాన నీటి తొట్టి కట్టించుకుంది. మార్చిలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఫోనులో రెండు థర్మామీటర్ల ఫొటో పంపింది: పొడిది 29, తడిది 27. నీళ్ళు ఎన్నిసార్లు కొడుతున్నావని అడిగితే, "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదీ నేల మీదే వదినా" అంది.